చేయి తిరిగింది, ఊహ కదలడం లేదు: కళలో నైపుణ్యం ఎంత, సృజన ఎంత?

కొత్తకుంచె:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఇది. నేను పెన్సిల్‌తో పోర్ట్రెయిట్లు వేస్తాను. ఫొటో ముందు పెట్టుకుని, గ్రిడ్ గీసుకుని, కొలత తప్పకుండా వేయగలను. కంట్లో మెరుపు, జుట్టు పోగులు, చర్మం మీద ముడతలు అన్నీ కుదురుతాయి. చూసినవాళ్లు "అచ్చం ఫొటోలాగే ఉంది" అంటారు. ఒకప్పుడు ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది. ఫొటో పక్కన పెట్టి తెల్లకాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచదు. మొదటి గీత పెట్టడానికే చేయి ఆడదు.

నా స్నేహితురాలిది సరిగ్గా దీనికి ఎదురు. ఆమె వేసే మనుషులకు ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి. ఇల్లు వేస్తే గోడలు ఎటో వాలిపోతాయి. అయినా ఆమె నోట్‌బుక్ చేతికొస్తే పేజీ తిప్పబుద్ధి కాదు. నా బొమ్మల్ని జనం మెచ్చుకుని వెళ్లిపోతారు, ఆమె బొమ్మల దగ్గర ఆగిపోతారు. ఆమెకేమో నాలాగా చేయి తిరగలేదని దిగులు.

ఇలాగే సాధన చేస్తూ పోతే ఊహ తనంతట తాను వస్తుందా? లేక ఈ సాధనే దాన్ని తొక్కేస్తోందా? అసలు ఈ రెండూ ఏ పాళ్లలో ఉండాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెన్సిల్‌పొట్టు:
సాధన మాత్రం ఆపకండి, కొత్తకుంచె గారూ. మీ దగ్గర ఉన్నది చిన్న ఆస్తి కాదు.

పికాసో 1907లో అవిన్యోన్ యువతుల చిత్రం వేసి మనిషి ముఖాన్నే ముక్కలు చేశాడని అందరూ చెప్పుకుంటారు. అదే పికాసో 1897లో, పదిహేనేళ్ల వయసులో, మంచాన ఉన్న రోగి, నాడి చూస్తున్న వైద్యుడు, పక్కన సన్యాసిని ఉన్న పెద్ద తైలవర్ణ చిత్రాన్ని వేశాడు. అకాడమీ పద్ధతిలో ఎక్కడా వేలెత్తి చూపలేనంత పకడ్బందీగా ఉంటుంది. 1907 నాటి చిత్రం కూడా ఒక్క ఊపులో పుట్టలేదు. దాని వెనక వందల కొద్దీ స్కెచ్‌లు ఉన్నాయి.

వాన్ గో సంగతి ఇంకా చెప్పుకోవాలి. ఆవేశంతో రంగులు కుమ్మరించిన మనిషిగానే అతన్ని గుర్తుపెట్టుకున్నాం. చిత్రకారుడు కావాలని 1880లో, 27 ఏళ్ల వయసులో నిశ్చయించుకున్నాక అతను మొదట చేసిన పని షార్ల్ బార్గ్ డ్రాయింగ్ పాఠాల ప్లేట్లను, అంటే అచ్చువేసిన నమూనా బొమ్మలను, మళ్లీ మళ్లీ కాపీ చేయడం. ఆ తర్వాత పర్‌స్పెక్టివ్, అంటే దూరం, లోతు సరిగ్గా కనిపించడం, కుదరడానికి దారాలు కట్టిన చట్రం ఒకటి ప్రత్యేకంగా చేయించుకుని, దాని గుండా చూస్తూ గీసేవాడు. మీ గ్రిడ్ కూడా దాదాపు అదే కదా. పునాది వేసుకున్నవాళ్లకే ఎగిరే ధైర్యం వస్తుందని నా నమ్మకం.

నిప్పుగీత:
పెన్సిల్‌పొట్టు గారి మాట మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోలేను. సాధించినవాళ్ల జీవితాల్లోంచి సాధనను మాత్రమే ఏరి చూపిస్తే, అంతే సాధన చేసి కూడా ఎటూ కదలని వేలమంది సంగతేమిటి? బార్గ్ ప్లేట్లు కాపీ చేసింది వాన్ గో ఒక్కడే కాదు.

ఆన్రీ రూసో పారిస్‌లో సుంకం వసూలు చేసే ఉద్యోగి. ఏ కళాశాల గడపా తొక్కలేదు. నలభై ప్రాంతంలో గట్టిగా చిత్రాలు మొదలుపెట్టాడు. అతని మనుషులు నేల మీద నిలబడినట్టుండరు, పర్‌స్పెక్టివ్ అసలు కుదరదు. విమర్శకులు ఏళ్ల తరబడి నవ్వారు. కానీ 1908లో అతని గౌరవార్థం తన స్టూడియోలో విందు ఇచ్చింది మీరు చెప్పిన పికాసోనే. చేయి తిరిగినవాడు చేయి తిరగనివాడిలో ఏం చూశాడో ఆలోచించండి.

రవీంద్రనాథ్ ఠాగూర్‌ను చూడండి. అరవై దాటాక బొమ్మల్లోకి వచ్చారు. చిత్రకళలో శిక్షణ లేదు. రాతప్రతుల్లో కొట్టివేసిన మాటల్ని కలుపుతూ కలుపుతూ పక్షులు, ముఖాలు, పేరు తెలియని జంతువులు పుట్టించారు. 1930లో ఆ బొమ్మలు పారిస్‌లో ప్రదర్శనకు వెళ్లాయి. ఆయన ముందు అనాటమీ పూర్తిచేసి తర్వాత మొదలుపెడదాం అనుకుని ఉంటే మనకు ఆ బొమ్మలు దక్కేవా?

కొత్తకుంచె గారూ, మీ స్నేహితురాలి దగ్గర ఉన్నది కళ. మీ దగ్గర ఉన్నది దానికి కావలసిన సరంజామా. కాస్త కటువుగా ఉండొచ్చు, కానీ మీ మేలు కోరే చెబుతున్నాను.

నీలిసిరా:
ఇద్దరూ చెప్పిన ఉదాహరణలు మంచివి. అయితే ఇద్దరూ నైపుణ్యం అంటే ఒకటే వస్తువన్నట్టు, కొందరి దగ్గర ఉండి కొందరి దగ్గర లేనట్టు మాట్లాడుతున్నారు. నాకు అక్కడే పేచీ.

రవీంద్రనాథ్ చేయి శిక్షణ లేని చేయి ఎలా అవుతుంది? ఆ చేయి అప్పటికి దశాబ్దాలుగా రోజూ రాస్తోంది. గీత ఎక్కడ వంగాలో, ఎక్కడ ఒత్తాలో, నల్లటి మచ్చకూ తెల్లటి ఖాళీకీ మధ్య లయ ఏమిటో కలం ద్వారా నేర్చుకున్న చేయి అది. అకాడమీలో నేర్పే కొలతలు రావు, నిజమే. గీత మీద పట్టు మాత్రం ఉంది. ఆయన బొమ్మలు నిలబడింది దాని మీదే.

రూసో అడవి చిత్రాలు ఒకసారి దగ్గరగా చూడండి. ఎన్ని రకాల పచ్చలు! ప్రతి ఆకూ అంచు దాకా, తొందర లేకుండా, ఒకదాని మీద ఒకటి పొరలుగా. అంత ఓపిక, రంగుల మధ్య అంత తేడా చూడగల కన్ను నైపుణ్యం కాక మరేమిటి? అతనికి రానిది పర్‌స్పెక్టివ్. అతని చిత్రానికి అవసరం లేనిదీ అదే.

కొత్తకుంచె గారూ, ఇప్పుడు మీ విషయం. ఫొటో చూసి వేయడంలో మీరు సాధించింది కొలవడం, టోన్ (వెలుగునీడల మోతాదు) పోల్చడం, ఓపికగా పూర్తిచేయడం. ఇవి మూడూ గొప్పవే. కానీ ఒక బొమ్మకు కావలసిన నిర్ణయాలన్నీ ఆ ఫొటో మీకంటే ముందే తీసేసుకుంది. ఎక్కడినుంచి చూడాలి, వెలుగు ఎటునుంచి రావాలి, అంచుల్లో ఏది తెగాలి, ఏది మసకబారాలి, ఏది అసలు ఉండకూడదు, అన్నీ. తెల్లకాగితం ముందు ఆ నిర్ణయాలన్నీ ఒక్కసారిగా మీ మీద పడుతున్నాయి. మీరు ఇన్నాళ్లూ సాధన చేయని పని అది. చేయి ఆడకపోవడంలో వింతేముంది? మీకు ఊహ లేదని దానర్థం కాదు. ఎంచుకోవడం అనే పనిలో మీ చేయి ఇంకా తిరగలేదు, అంతే.

పాళ్లు ఎంత అని అడిగారు. ఇది తక్కెడ కాదని నా అభిప్రాయం. ఒక పక్క బరువు పెంచితే రెండో పక్క లేవదు.

పెన్సిల్‌పొట్టు:
నిర్ణయాలు ఫొటో తీసేసుకుందన్న మాట నన్ను చాలాసేపు పట్టి ఉంచింది, నీలిసిరా గారూ. నేను పునాది అని దేన్నైతే అంటున్నానో అందులో కాంపోజిషన్, అంటే బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో అమర్చడం, కూడా ఉండాలి కదా. దాన్ని ఎవరూ బార్గ్ ప్లేట్లంత పట్టుదలగా సాధన చేయరు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ వేసిన బల్లల బొమ్మల్లో ఎన్నిసార్లు చూశాను! గుడ్డకు ఎడమవైపు బల్ల అంచు ఒక ఎత్తులో, కుడివైపు మరో ఎత్తులో ఉంటుంది. స్కేలు పెట్టి సరిచేస్తే ఆ చిత్రమే మిగలదు. అలాంటి ఆయనకు పారిస్‌లోని కళాశాల ఎకోల్ దె బోజార్ ప్రవేశం ఇవ్వలేదు.

కొత్తకుంచె:
నీలిసిరా గారూ, మీ సమాధానం చదివి తేలికపడ్డాను. ఇది లోపం కాదు, చేయని సాధన అని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మరి ఎంచుకోవడాన్ని సాధన చేయడం ఎలా? ముక్కు వేయడానికి పాఠాలు దొరుకుతాయి. దీనికి పాఠం ఎక్కడుంది?

రేఖామాత్ర:
ఉంది. నేను చేయిస్తున్నదే చెబుతాను.

మీ దగ్గర ఉన్న ఫొటోల్లో ఒకటి తీసుకోండి. పెద్దగా వేయొద్దు. అగ్గిపెట్టెంత గళ్లు నాలుగైదు గీసుకుని, ఒక్కో గడిలో అదే విషయాన్ని వేరే బొమ్మగా మార్చండి. ఒకదాంట్లో వెలుగు వెనకనుంచి రానివ్వండి. ఒకదాంట్లో ముఖాన్ని మూలకు నెట్టి మిగతాదంతా ఖాళీగా వదలండి. ఇంకోదాంట్లో ముఖమే వద్దు, చేతులు మాత్రం ఉంచండి. నలుపు, తెలుపు, మధ్యలో ఒక బూడిదరంగు, ఈ మూడు టోన్లు మించొద్దు. కంటి మెరుపు వేయడానికి చోటే లేనంత చిన్న గడి కాబట్టి మీ చేతికి అలవాటైన పని అక్కడ సాగదు. బొమ్మంతటికీ ఏది ముఖ్యమో తేల్చక తప్పదు. ఈ థంబ్‌నెయిల్ అలవాటే సగం పని చేస్తుంది.

రెండోది జ్ఞాపకంనుంచి వేయడం. 19వ శతాబ్దంలో పారిస్‌లో ఒరాస్ లెకోక్ ద బ్వాబోద్రాఁ అనే గురువు దీన్నొక పద్ధతిగా నేర్పాడు. విద్యార్థులు ఒక వస్తువును బాగా చూసి, పరిశీలించి, దాన్ని తీసేశాక గీయాలి. మొదట చిన్న రూపాలు, క్రమంగా క్లిష్టమైనవి, తర్వాత మ్యూజియంలో చిత్రాన్ని చూసి వచ్చి గుర్తున్నంత వేయడం. శిల్పి రోదాఁ, చిత్రకారుడు ఫాఁతాఁ-లతూర్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఈ సాధనలో నాకు నచ్చేది ఏమిటంటే, జ్ఞాపకం అన్నిటినీ ఉంచుకోదు. మీకు పట్టినవాటినే ఉంచుకుంటుంది. ఒక మనిషిని చూసి వచ్చి వేస్తే నాకు భుజాల వాలు గుర్తుంటుంది, మీకు బట్టల ముడతలు గుర్తుండొచ్చు. ఆ తేడాయే మీది. మీ సొంత చూపు ఎక్కడుందని వెతకనక్కర్లేదు, కాగితం మీద మిగిలినదాన్ని చూస్తే తెలుస్తుంది.

స్వరపల్లవి:
నేను బొమ్మలు వేయను, పాడతాను. మీ చర్చ చదువుతుంటే మా సంగీతంలో ఇదే సమస్య ఎంత పాతదో గుర్తొచ్చింది. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు, ఇలా మెట్టు మెట్టుగా కల్పిత సంగీతం, అంటే ముందే కట్టి ఉన్నది, వస్తుంది. రాగాలాపన, నెరవల్, కల్పనస్వరం ఇవన్నీ మనోధర్మం, అంటే అప్పటికప్పుడు ఊహతో పాడేవి. చాలామంది మొదటిది పూర్తయ్యాక రెండోది దానంతటదే వస్తుందనుకుంటారు. నేను చూసినంతలో అలా రాదు. వంద కృతులు పొల్లుపోకుండా పాడేవాళ్లు నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) కల్పనస్వరం పాడమంటే బిగుసుకుపోవడం చూశాను. కొత్తకుంచె గారి తెల్లకాగితం కథే అది.

కల్పనస్వరం వచ్చినవాళ్లు మొదటినుంచీ చిన్నచిన్నగా ప్రయత్నించినవాళ్లు. ముందు అర ఆవర్తం, తర్వాత ఒకటి, తర్వాత రెండు. ఎక్కడ తిరిగినా తాళంలో ఎత్తుగడ (పాట అందుకునే చోటు) దగ్గరకు సరిగ్గా వచ్చి వాలాలి. ఆ కట్టుబాటు ఉండబట్టే ధైర్యంగా తిరగగలుగుతారు. మరో మాట కూడా చెప్పాలి. ఆ క్షణంలో తోచే స్వరాలు శూన్యంలోంచి రావు. జంట స్వరాలు, అలంకారాలు గొంతులో ఎంత నానాయో అంతవరకే ఊహ వెళ్లగలదు. గొంతు పలకలేని ప్రయోగం నా మనసుకు తోచనే తోచదు. కాబట్టి సాధన ఊహకు అడ్డమనే మాట నేను ఒప్పుకోను. ఊహకు చోటివ్వని సాధన మాత్రం అడ్డమే.

పాతపుస్తకం:
ఇక్కడ మన ఆలంకారికులను, అంటే సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసినవాళ్లను, పిలవకపోతే అన్యాయం. కావ్యం పుట్టడానికి కారణమేమిటన్న పేరుతో వాళ్లు ఈ వాదాన్ని వెయ్యేళ్లు నడిపారు.

దండి పుట్టుకతో వచ్చిన ప్రతిభ, నిర్మలమైన చదువు, అలుపెరగని అభ్యాసం మూడూ కావాలన్నాడు. ఆ వెంటనే, ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో సేవిస్తే సరస్వతి ఎంతో కొంత కరుణిస్తుందని కూడా చెప్పాడు. ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో దీనికి ఎదురుగా ఒక గట్టి మాట అన్నాడు. చదువు చాలక వచ్చిన దోషాన్ని కవి శక్తి, అంటే ప్రతిభ, కప్పేస్తుంది, శక్తి చాలక వచ్చిన దోషం మాత్రం చప్పున కనబడిపోతుందని. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ విడివిడి కారణాలు కావని, కలిసి ఒకే కారణమని తేల్చాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 17వ శతాబ్దపు జగన్నాథ పండితరాయలు చెప్పినది. మన తెలుగువాడే. ఆయన ఖండితంగా ప్రతిభ ఒక్కటే కారణమంటాడు. అక్కడ ఆపి చదివితే నిప్పుగీత గారి పక్షమే అనిపిస్తుంది. కానీ ఆ ప్రతిభ ఎక్కడినుంచి వస్తుందని అడిగి, కొందరికి దైవానుగ్రహంవల్ల, మరికొందరికి చదువువల్ల, అభ్యాసంవల్ల వస్తుందని తనే చెబుతాడు. అంటే అభ్యాసం ప్రతిభ పక్కన కూర్చునే రెండో వస్తువు కాదు. ప్రతిభను పుట్టించగలిగేది. ఇంత లోతైన మాటను మనం ఎక్కువగా తలుచుకోకపోవడం నాకు బాధ.

చిత్రకళ విషయానికొస్తే, కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు. రూపభేదం (రూపాల తేడా), ప్రమాణం (కొలత), భావం, లావణ్యయోజన (అందాన్ని కూర్చడం), సాదృశ్యం (పోలిక), వర్ణికాభంగం (రంగుల వాడకం). ప్రమాణం, వర్ణికాభంగం చేతి పనితనానివి. భావం, లావణ్యం మనసువి. వాటిని రెండు జాబితాలుగా విడగొట్టకుండా ఒకే దేహానికి అంగాలన్నాడు. చైనాలో షియే హ అనే పాతకాలపు చిత్రకళా విమర్శకుడు చెప్పిన ఆరు సూత్రాల్లోనూ మొదటిది చిత్రంలో ప్రాణం తొణికిసలాడటం, చివరిది పాతవాళ్ల చిత్రాలను కాపీ చేసి నేర్చుకోవడం.

నిప్పుగీత:
ఆనందవర్ధనుడి మాట నా గుండెకు తగిలింది, పాతపుస్తకం గారూ. శక్తి లేని దోషం చప్పున కనబడుతుంది. నేను చెప్పాలనుకున్నది అదే.

స్వరపల్లవి గారి మాటా బాగుంది. అయినా ఒక విషయం ఎవరూ ముట్టుకోవడం లేదు. చాలామందికి సాధన ఒక దాక్కునే చోటు. "ఇంకా అనాటమీ రాలేదు", "ఇంకా రంగులు పట్టుబడలేదు", "ఇంకో కోర్సు చేశాక సొంత బొమ్మ మొదలుపెడతా". ఇలా ఏళ్లు గడిచిపోతాయి. కాపీ చేస్తే అది బాగుందా లేదా అన్నది కొలిచి చెప్పొచ్చు. సొంత బొమ్మ వేస్తే కొలిచేందుకు ఏమీ ఉండదు, మనమే బయటపడిపోతాం. ఆ భయాన్ని వినయం అని పిలుచుకుంటాం. ఎంతోమంది మంచి చేతులు అలా మూగబోవడం చూశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

మట్టిచేతులు:
నిప్పుగీత గారు భయం గురించి అన్నది నిజం. నేను శిల్పం వైపునుంచి ఒక మాట కలుపుతాను. మీరందరూ ఊహ, చేయి అంటున్నారు. మూడోది మరిచిపోతున్నారు. పదార్థం.

లియొనార్డో మిలాన్‌లోని భోజనశాల గోడ మీద 1495 నుంచి 1498 ప్రాంతంలో వేసిన చివరి విందు చిత్రాన్ని తీసుకోండి. అప్పటి పద్ధతి ఫ్రెస్కో. తడి సున్నపు గోడ మీద ఆ రోజుకు సరిపడా ముక్క పూసుకుని, అది ఆరేలోపు వేసేయాలి. ఆరాక రంగు గోడలో భాగమైపోతుంది, శతాబ్దాలు నిలుస్తుంది. కానీ దిద్దడానికి వీలుండదు. లియొనార్డోకు అది సరిపడదు. ఆయన పనిచేస్తుండగా చూసిన రచయిత మత్తెయో బందెల్లో రాసిపెట్టాడు: కొన్ని రోజులు తెల్లవారుజామునుంచి చీకటిపడే దాకా కుంచె దించడు, కొన్ని రోజులు కుంచె ముట్టకుండా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతాడు. అంత నెమ్మదిగా ఆలోచించడానికి వీలుగా పొడి గోడ మీద వేయాలని నిశ్చయించాడు. పన్నెండుమంది ముఖాల్లో పన్నెండు రకాల దిగ్భ్రాంతి అలా కుదిరింది. రంగు గోడను పట్టుకోలేదు. ఆయన బతికుండగానే పెచ్చులు ఊడటం మొదలైంది. 1978లో మొదలైన పునరుద్ధరణ 1999 దాకా సాగింది.

ఈ కథను "సాంకేతిక లోపం" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. ఆ ముఖాలు అంత బాగా వచ్చిందీ, నిలవకపోయిందీ ఒకే నిర్ణయంవల్ల. కళాకారుడు ఎంచుకునే పద్ధతిలోనే అతని ఆలోచన ఉంటుంది. ఇంగ్లండ్‌లో చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ నిలవని ఎర్ర రంగులు వాడాడు. ఆయన వేసిన ముఖాలు ఆయన కాలంలోనే పాలిపోయాయి. అమెరికన్ చిత్రకారుడు రోత్కో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వేసిన చిత్రాల్లో లిథాల్ రెడ్ అనే రంగు ఎండకు వెలిసిపోయి, 1979లో వాటిని తీసి దాచేయాల్సి వచ్చింది. ఏ రంగు ఎన్నాళ్లుంటుందో తెలుసుకోవడం కూడా ఊహకు చేసే సేవే.

నా మట్టి విషయమూ చెప్తాను. మందంగా చేసిన బొమ్మ లోపల తడి మిగిలితే బట్టీలో అది ఆవిరై పగిలిపోతుంది. అందుకని లోపల తొలిచేస్తాం. తొలిచేటప్పుడు గోడ పలచబడుతుంది, ముందు అనుకున్న చాచిన చేయి నిలవదు. దాన్ని ఒడిలోకి మడవాల్సి వస్తుంది. చాలాసార్లు ఆ మడిచిన చేయే బొమ్మకు ప్రాణం పోసింది. ఆ ఊహ నాదా, మట్టిదా? ఎవరిదైనా, చేతులు మట్టిలో పెట్టకపోతే పుట్టేది కాదు.

పిక్సెల్‌పిచ్చుక:
నేను డిజిటల్‌లోనే వేస్తాను. లేయర్లు, అండూ, చేయి వణుకు సరిచేసే బ్రష్‌లు ఉన్నాయి. దానికితోడు ఇప్పుడు నాలుగు మాటలు టైప్ చేస్తే ఏఐ ఎంత ఫినిషింగ్ ఉన్న బొమ్మనైనా ఇచ్చేస్తోంది. ఇక నైపుణ్యం ఎందుకు, ఐడియా ఉంటే చాలని నా తోటివాళ్లు అంటున్నారు. దీని గురించి ఏమంటారు?

నీలిసిరా:
పిక్సెల్‌పిచ్చుక గారూ, 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి వచ్చినప్పుడూ ఇదే దిగులు. చిన్న పోర్ట్రెయిట్లు వేసి బతికినవాళ్ల వృత్తి నిజంగానే పడిపోయింది. ఆ నష్టం చిన్నది కాదు. చిత్రకళ మాత్రం ఆగలేదు.

ఐడియా ఉంటే చాలన్న మాటతో నాకు ఇబ్బంది ఉంది. ఐడియా అనేది పని మొదలవకముందే పూర్తిగా తయారై ఉంటుందని అందులో ఒక నమ్మకం దాగుంది. వేసేవాళ్ల అనుభవం అలా ఉండదు. వేస్తుండగా అది మారుతుంది, ఎదురు తిరుగుతుంది, మట్టిచేతులు గారి బొమ్మ చేయిలాగా మనం అనుకోనిదాన్ని చూపిస్తుంది. ఇంకొకటి, చేత్తో వేసి ఉన్నవాళ్ల కన్ను వేరు. ఏఐ బొమ్మలో వేళ్లు ఆరున్నాయని ఎవరైనా పట్టుకుంటారు. మణికట్టు మీద శరీరం బరువు పడలేదని, ఆ కూర్చున్న మనిషి కుర్చీని తాకడం లేదని పట్టుకోవాలంటే కొన్ని మణికట్లు స్వయంగా గీసి ఉండాలి. ఏది బాగుందో ఎంచుకోగల శక్తి కూడా చేతిలోంచే కంటికి ఎక్కుతుంది. పరికరం ఏదైనా వాడండి, నాకు అభ్యంతరం లేదు. ఆ శక్తిని మాత్రం వదులుకోవద్దు.

కొత్తకుంచె:
రేఖామాత్ర గారూ, మీరు చెప్పినట్టు చేస్తున్నాను. మెట్ల మీద కూర్చుని ఎవరికోసమో చూస్తున్న ఒక పెద్దాయనను చూసి వచ్చి, ఫొటో తీయకుండా, చిన్న గళ్లలో వేశాను. ముఖం అసలు గుర్తులేదు! ముఖాలే కదా నేను వేసేది. మెట్ల అడ్డగీతలు, ఆయన మోకాళ్ల మీద పెట్టుకున్న సంచి, దాన్ని పట్టుకున్న వేళ్లు మాత్రం బాగా గుర్తున్నాయి. అన్నిటిలోనూ మోకాళ్లు తప్పుగా వస్తున్నాయి. మనవైపు వచ్చే తొడ పొట్టిగా కనిపించాలి కదా, నాకది జ్ఞాపకంనుంచి రావడం లేదు. ఫోర్‌షార్టెనింగ్ ఎప్పుడో చదివాను, అప్పట్లో బోర్ కొట్టింది. ఇప్పుడు ఈ బొమ్మ కోసం మళ్లీ తెరిచాను. చదువుతుంటే ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

రేఖామాత్ర:
చాలా సంతోషం! ఏది సాధన చేయాలో బొమ్మే చెప్పింది చూశారా. మీరు పెట్టిన గళ్లలో మూడోది బలంగా ఉంది. సంచి నల్లగా మధ్యలో ఉండి చూపును లాగుతోంది. ముఖం ఫ్రేము బయటికి వెళ్లిపోయింది, అలాగే ఉంచండి. మెట్ల గీతలు అన్నీ ఒకే దూరంలో ఉన్నాయి, పైకి పోతున్నకొద్దీ దగ్గరపడనివ్వండి. తొడల కోసం ఒక సిలిండర్‌ను మీవైపు తిప్పి రకరకాల కోణాల్లో గీయండి. అది పట్టుబడ్డాక మళ్లీ ఈ గడికే రండి, వేరే బొమ్మకు పోవద్దు.

కిటికీపక్క:
చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి పదకొండేళ్లు. చిన్నప్పుడు గోడలు, పుస్తకాల అట్టలు, ఏదీ వదిలేది కాదు, అన్నిటి మీదా బొమ్మలే. ఈమధ్య సగం వేసి చింపేస్తోంది. గుర్రం వేయాలని పట్టుకుంది, కాళ్ల దగ్గరకొచ్చేసరికి ఏడుపు. "నిజం గుర్రంలా లేదు" అంటుంది. "నీకు నచ్చినట్టు వేసుకో అమ్మా, అదే బాగుంటుంది" అంటే ఇంకా కోపం. టెక్నిక్ నేర్పిస్తే ఆ స్వేచ్ఛ పోతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

మట్టిచేతులు:
అమ్మా, ఇది ఆ వయసులో చాలామంది పిల్లలు పడే బాధే. పిల్లల బొమ్మల ఎదుగుదల మీద 1947లో పుస్తకం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య దశను ప్రత్యేకంగా చెప్పాడు. అప్పుడే పిల్లలు తమ బొమ్మను లోకంతో పోల్చుకోవడం మొదలుపెడతారు. చాలామంది బొమ్మలు మానేసేది ఇక్కడే. నచ్చినట్టు వేసుకోమంటే ఆమెకు కోపం రావడం న్యాయమే. ఆమెకు నచ్చేది నిజం గుర్రమే కదా. ఆమె సాయం అడుగుతోంది. ఇప్పుడు నేర్పకపోవడమే ఆమెను వదిలేయడం.

నిప్పుగీత:
ఇక్కడ మట్టిచేతులు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఒక్క విన్నపం. క్లాసులో చేర్చి పండ్లు, కుండలు వరసపెట్టి వేయించకండి. ఆమె అడిగింది గుర్రం కాళ్లు. గుర్రం కాళ్లే చెప్పండి. మిగతావి ఆమె అడిగినప్పుడు.

రేఖామాత్ర:
గుర్రం కాళ్ల దగ్గర దాదాపు అందరూ ఒకేచోట ఆగుతారు. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే కీలును మోకాలనుకుని, అది తిరగబడి ఉందని కంగారుపడతారు. అది మోకాలు కాదు, మన మడమకు సమానం. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా ముందుకు వంగి ఉంటుంది. ముందు కాళ్లలో మోకాలిలా కనిపించేది మన మణికట్టు. గిట్ట అంటే ఒకే ఒక్క వేలి గోరు. పాపను మునివేళ్ల మీద నిలబడి, మడమ బాగా పైకెత్తి, మోకాలు కాస్త వంచి తన కాలిని అద్దంలో పక్కనుంచి చూసుకోమనండి. మడమ ఎక్కడుందో, మోకాలు ఎక్కడుందో వేలితో తాకి చూపించమనండి. ఆ తర్వాత చింపేసిన బొమ్మల్లో ఏదైనా మిగిలి ఉంటే, దాని మీదే వేరే రంగు పెన్సిల్‌తో ఆ రెండు కీళ్లకూ చిన్న సున్నాలు పెట్టనివ్వండి. గీతలు ఆమెనే కలపనివ్వండి, మీరు పెన్సిల్ ముట్టుకోవద్దు.